ఇంటి పన్నులో గ్రంథాలయం వాటా: రూపాయికి 8 పైసలు ఎక్కడికి చేరుతున్నాయి?

గ్రామ పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను రసీదులో నీటి పన్ను, వీధి దీపాల పన్ను వంటి పద్దుల నడుమ మరొక చిన్న పద్దు ఉంటుంది. దాని పేరు గ్రంథాలయ పన్ను. పట్టణాల్లో అది ఆస్తి పన్ను మొత్తంలో కలిసిపోయి ఉండటంతో విడిగా గుర్తించడం కూడా కష్టం. మొత్తం స్వల్పం కాబట్టి దాని గురించి అడిగేవారు అరుదు. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఊరి శాఖా గ్రంథాలయానికి దినపత్రికలు రావాలన్నా, కొత్త పుస్తకాలు చేరాలన్నా, అద్దె భవనం యజమానికి బకాయి పడకుండా ఉండాలన్నా చట్టం చూపిన ప్రధాన ఆధారం ఆ చిన్న పద్దే.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను లేదా ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల పన్ను చెల్లించే కుటుంబం మరో 80 రూపాయలు గ్రంథాలయం కోసం చెల్లిస్తున్నట్లు లెక్క. పదివేల రూపాయల పన్ను కట్టే నగర గృహస్థు 800 రూపాయలు ఇస్తున్నాడు. వసూలు చేసేది పంచాయతీ, పురపాలక సంఘం లేదా నగరపాలక సంస్థ. ఖర్చు చేసేది మాత్రం జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్మును స్థానిక సంస్థ తన వద్ద ఉంచుకోరాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చిక్కంతా ఈ రెండింటి మధ్య దూరంలోనే ఉంది.

చందాల నుంచి చట్టం దాకా

గ్రంథాలయానికి పన్ను వేయాలన్న ఆలోచన తెలుగునాట ప్రభుత్వాల నుంచి పుట్టినది కాదు. అంతకు చాలా ముందే ప్రజలు సొంత ఖర్చుతో గ్రంథాలయాలు నడిపి, వాటి కష్టసుఖాలు తెలుసుకున్నారు. విశాఖపట్నంలో 1886లో మంతెన ఆదినారాయణ మూర్తి నెలకొల్పిన సరస్వతీ నిలయం తెలుగునాట తొలి పౌర గ్రంథాలయాల్లో ఒకటి. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన కాలంలో, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో వచ్చింది. అక్కడ గ్రంథాలయం పుస్తకాల చోటు మాత్రమే కాదు, తెలుగువారు నలుగురు కూడి మాట్లాడుకోగలిగిన అరుదైన ప్రదేశం కూడా.

బెజవాడలో 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభ ఫలితమే. దాని వెనుక చోదకశక్తి అయ్యంకి వెంకటరమణయ్య. ఊరూరా తిరిగి గ్రంథాలయాలను ఒక సంఘంగా కూర్చడంలో ఆయన జీవితమంతా గడిచింది. పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదపాలెం ప్రాంతపు కాలువలో పడవ మీద పుస్తకాలు పంపే ఏర్పాటు చేశారు. చందా, విరాళం, ఎవరో ఒకరు ఇచ్చిన స్థలం, మరొకరు ఇచ్చిన బీరువా, వీటితోనే ఆ గ్రంథాలయాలు నడిచాయి.

అవి ఎందుకు మూతపడ్డాయో కూడా చెప్పుకోవాలి. స్థాపకుడు ఊరు విడిచినా, కన్నుమూసినా, దాత కుటుంబం చితికినా తలుపులకు తాళం పడేది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం నేటికీ నిలిచి ఉంది. మహాత్మా గాంధీ 1929లో ఆ ఊరు వచ్చారు. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళుతున్నారు. రాజమహేంద్రవరంలో వసురాయ, రత్నకవి గ్రంథాలయాల కలయికతో ఏర్పడిన గౌతమీ గ్రంథాలయం కాలక్రమంలో ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్లి నిలబడింది. ఇలాంటివి కొన్నే. పేరైనా మిగలకుండా పోయినవి ఎన్నో.

ఈ అనుభవమే పన్ను దిశగా నడిపించింది. గ్రంథాలయ శాస్త్రానికి మనదేశంలో పునాది వేసిన ఎస్.ఆర్.రంగనాథన్ కృషితో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం 1948లో వచ్చింది. స్వతంత్ర భారతంలో ఈ తరహా తొలి చట్టం అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నందున గ్రంథాలయ సెస్సు ఆ చట్టం ద్వారానే అక్కడికి చేరింది. హైదరాబాద్ రాష్ట్రం 1955లో సొంత చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిసిన తరువాత 1960లో ఒకే చట్టం వచ్చింది. రాష్ట్ర విభజన అనంతరం అదే చట్టం రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది.

దేశమంతటా ఈ పద్ధతి లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రభుత్వ గ్రంథాలయాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. తమిళనాడు, కర్ణాటక, కేరళ తదితర రాష్ట్రాలు సెస్సు మార్గం ఎంచుకున్నాయి. మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ చట్టాలు చేసుకున్నా సెస్సు పెట్టలేదు, బడ్జెట్ కేటాయింపుల మీదే ఆధారపడ్డాయి.

ఒక ఊరి లెక్క

సెస్సు బలం, బలహీనత రెండూ ఒక ఊహాత్మక లెక్కతో తెలుస్తాయి. ఒక గ్రామంలో 600 ఇళ్లు ఉన్నాయని, ఇంటికి సగటున ఏడాదికి 800 రూపాయల పన్ను పడుతోందని అనుకుందాం. పన్ను మొత్తం 4,80,000 రూపాయలు. దాని మీద గ్రంథాలయ సెస్సు 38,400 రూపాయలు, అంటే నెలకు 3,200. నాలుగైదు దినపత్రికలు తెప్పిస్తేనే నెలకు వెయ్యి రూపాయల వరకు అవుతుంది. విద్యుత్ బిల్లు, గది అద్దె, ఊడ్చేవారి కూలి పోగా పుస్తకాలకు మిగిలేది ఎంతో ఊహించవచ్చు. గ్రంథపాలకుని జీతం ఈ లెక్కలో లేనే లేదు.

పైగా ఆ సొమ్ము ఆ ఊరికే ఖర్చు కావాలన్న నియమం లేదు. అది జిల్లా నిధికి వెళుతుంది. అక్కడి నుంచి జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలకు పంపిణీ అవుతుంది. గ్రంథాలయమే లేని ఊరి ప్రజలు కూడా సెస్సు చెల్లిస్తారు. ఇది అన్యాయమన్న మాట గ్రామసభల్లో వినిపించవచ్చు. అయితే జిల్లా నిధి లేకుంటే పన్ను రాబడి తక్కువగా ఉన్న మండలాల్లో ఒక్క గ్రంథాలయం కూడా నిలవదన్నది మరో పార్శ్వం. ఫిర్యాదు చేయదగినది జిల్లాకు సొమ్ము వెళ్లడం గురించి కాదు, వెళ్లకపోవడం గురించే.

పన్ను వసూళ్లు మందగించినప్పుడు సెస్సు కూడా తగ్గుతుంది. వసూలైనది సైతం సకాలంలో జమ కాకపోవడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం. స్థానిక సంస్థల నుంచి రావలసిన బకాయిల గురించి రెండు రాష్ట్రాల్లోనూ గ్రంథాలయ సంస్థలు తరచూ మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. దీనికి కారణం ప్రతిచోటా దురుద్దేశమే అనుకోనక్కరలేదు. పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాల విద్యుత్ బిల్లులు వాయిదా వేస్తే ఊరు మరునాడే నిలదీస్తుంది. గ్రంథాలయ సెస్సు వాయిదా పడితే ఎవరూ నిలదీయరు. డబ్బు కొరతలో ఉన్న కార్యాలయం అడిగేవారు లేని పద్దునే ముందుగా ఆపుతుంది.

ఆ ఆపడం ఫలితం మెల్లగా కనిపిస్తుంది. మొదట వారపత్రికలు ఆగుతాయి. తరువాత దినపత్రికల సంఖ్య తగ్గుతుంది. పోటీ పరీక్షల పుస్తకాల కొత్త ముద్రణలు రావు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని మండల కేంద్రాల శాఖా గ్రంథాలయాల వరకు, ఈనాడు బల్లల ముందు గంటల తరబడి కూర్చునేవారిలో అధికులు ఉద్యోగ నియామక పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులే. కోచింగ్ కేంద్రాల రుసుము భరించలేని వారికి, ఒకే గదిలో కుటుంబమంతా ఉండే వారికి ఆ బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం ఎంత అవసరమో వారినే అడగాలి. ఐదేళ్ల నాటి కరెంట్ అఫైర్స్ పుస్తకం వారికి ఎందుకూ కొరగాదు.

దాతలు ఇచ్చేది, ఇవ్వనిది

ప్రభుత్వ సొమ్ము చాలనప్పుడు దాతల వైపు చూడటం సహజం. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు సొంత ఊరి గ్రంథాలయానికి భవనం కట్టించడం, పూర్వ విద్యార్థులు కలిసి కంప్యూటర్లు, కుర్చీలు ఇవ్వడం ఉభయ రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నదే. ఇది మెచ్చుకోదగిన పని. కానీ విరాళానికి ఒక స్వభావం ఉంది. అది ఒక్కసారి అయ్యే ఖర్చుకు, కంటికి కనిపించే వస్తువుకు, శిలాఫలకం మీద పేరు పడే పనికి సులువుగా వస్తుంది. మార్చి నెల విద్యుత్ బిల్లుకో, గ్రంథపాలకుని పదేళ్ల జీతానికో రాదు. పుస్తకదానంలోనూ చిక్కు ఉంది. ఇల్లు సర్దుకునేటప్పుడు బయటపడిన పాత పాఠ్యపుస్తకాలు గ్రంథాలయం గుమ్మం చేరుతుంటాయి, వాటిని ఏం చేయాలో తెలియక మూటలుగా ఒక మూల పేరుస్తారు.

ఈ సంగతి ప్రపంచంలోనే అత్యధికంగా గ్రంథాలయాలకు దానం చేసిన ఆండ్రూ కార్నెగీకి బాగా తెలుసు. రెండున్నర వేలకు పైగా గ్రంథాలయ భవనాలకు ధనమిచ్చిన ఆయన ఒక షరతు పెట్టేవాడు. స్థలం పట్టణమే చూపాలి. తానిచ్చిన మొత్తంలో పదో వంతుకు సమానమైన సొమ్మును ఏటా పన్నుల నుంచి గ్రంథాలయ నిర్వహణకు కేటాయిస్తామని హామీ ఇవ్వాలి. భవనం దానంతో లేస్తుంది, నడక మాత్రం ఊరి పన్నుతోనే సాగాలన్నది ఆ షరతులోని తర్కం.

కేంద్ర ప్రభుత్వ సహాయంలోనూ ఇటువంటి నియమం ఉంది. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పుస్తకాలకు, భవనాలకు, సామగ్రికి సహాయం అందిస్తుంది. అందులోని జోడింపు నిధుల పథకాల్లో రాష్ట్రం తన వాటా చూపితేనే ఫౌండేషన్ వాటా వస్తుంది. స్థానికంగా డబ్బు లేకపోతే ఢిల్లీ నుంచి వచ్చేదీ రాదు.

కేరళలో ఏం భిన్నం?

కేరళలో సెస్సు రేటు తెలుగు రాష్ట్రాల కంటే తక్కువ, రూపాయికి 5 పైసలే. అయినా అక్కడి గ్రామీణ గ్రంథాలయాల గురించి దేశమంతా చెప్పుకుంటుంది. 1945లో పి.ఎన్.పణిక్కర్ చొరవతో మొదలైన గ్రంథశాలా ఉద్యమం అక్కడి చట్టానికి పునాది. 1989 చట్టం ఆ ఊరి గ్రంథాలయాలను ప్రభుత్వ శాఖలో కలుపుకోలేదు. అవి సభ్యుల సొంతంగానే మిగిలాయి. సభ్యులు కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు, తాలూకా, జిల్లా, రాష్ట్ర స్థాయి గ్రంథాలయ మండళ్లు కూడా ఎన్నికల ద్వారానే ఏర్పడతాయి. సెస్సు నుంచి వచ్చే గ్రాంటు గ్రంథాలయం పనితీరును బట్టి, దానికి ఇచ్చిన శ్రేణిని బట్టి అందుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుని ప్రభుత్వం నియమిస్తుంది. అది రాజకీయ పదవిగా మారిందని, ప్రభుత్వం మారినప్పుడల్లా ఖాళీ అవుతుందని విమర్శ ఉంది. పాఠకులు సభ్యత్వ రుసుము కట్టి పుస్తకం తీసుకెళ్లగలరు కానీ సంస్థ నడతలో వారికి ఓటు లేదు. చందాల కాలంలో గ్రంథాలయం తమదన్న భావన ఉండి ఆదాయం లేదు. చట్టం వచ్చాక ఆదాయానికి దారి ఏర్పడింది, తమదన్న భావన సడలింది. కేరళ నమూనాకు దాని ఇబ్బందులు లేకపోలేదు, స్థానిక పార్టీల పోటీ గ్రంథాలయ ఎన్నికల్లోకీ వస్తుంటుంది. అయినా పత్రిక రాకపోతే ఎవరిని అడగాలో అక్కడి పాఠకునికి తెలుసు.

పౌరులు ఏం అడగవచ్చు?

చట్టం మారే వరకు వేచి ఉండనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, పన్ను రసీదులో గ్రంథాలయ పద్దు విడిగా చూపుతున్నారో లేదో గమనించడం. రెండవది, గత ఆర్థిక సంవత్సరంలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత, ఏ తేదీన జమ చేశారు అని గ్రామసభలో పంచాయతీ కార్యదర్శిని, పట్టణంలో పురపాలక కమిషనర్‌ను అడగడం. ఈ మూడు వివరాలూ కార్యాలయ రికార్డుల్లో ఉండవలసినవే.

మౌఖికంగా సమాధానం రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా కోరవచ్చు. ఉభయ రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఇతర కార్యాలయాల్లో 10 రూపాయలు చెల్లించాలి. 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి. అదే తరహా దరఖాస్తును జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి కూడా పంపి, తమ ఊరి నుంచి అందిన మొత్తమెంతో అడిగితే, పంచాయతీ చెప్పిన అంకె, సంస్థ చెప్పిన అంకె పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.