చేపముల్లు విషము: కణమునకు గండి

విశాఖపట్టణపు రేవునందు వలలు దులుపువారి నడిగినచో, జెల్లచేప నెట్లు పట్టవలెనో చిన్నపిల్లలైనను చెప్పుదురు. దానికి వీపున నొకటి, ఇరుప్రక్కల రెక్కలయొద్ద నొక్కొక్కటి, పదునైన ముండ్లు గలవు. టెంకుచేపకు ముల్లు తోకమీద నుండును. మన చెరువులలోను వరిమళ్లలోను తిరుగు ఇంగిలికమునకును రెక్కముల్లు గలదు గావున, ఈ విషయము జాలరులకే గాక కృషీవలులకును గావలసినదే.

ముల్లు దిగినంతనే గాయముతో పొంతనలేని మంట పుట్టును. ముల్లును గప్పిన పలుచని చర్మము చినిగి, అందలి విషము లోనికి జొచ్చుటయే దీనికి కారణము. ఈ విషమునందు ముఖ్యమైనవి మాంసకృత్తులు. మన శరీరమందలి ప్రతి కణమును సన్నని కొవ్వుపొర యొకటి చుట్టియున్నది. అది మడికి గట్టువంటిది. గట్టు నిలిచినంతకాలము నీరెంత, ఉప్పెంత లోపల నుండవలెనో కణమే చూచుకొనును. కొన్ని చేపల విషము ఆ గట్టునకు గండికొట్టును.

పగడపుదిబ్బల నడుమ నుండు రాతిచేప విషయమున ఇది మిక్కిలి స్పష్టముగ తెలిసినది. దాని మాంసకృత్తు రెండు భాగముల జంట. అట్టి జంటలనేకము పొరమీద వలయముగ గూడి నడుమ రంధ్రము చేయును. 2015వ సంవత్సరమున దాని స్ఫటికమును పరీక్షించిన శాస్త్రజ్ఞులు, మన రక్షకకణములు రోగము సోకిన కణములను జంపుటకు వాడు పర్ఫోరిన్ అను పదార్థమునకు ఇది జ్ఞాతియని కనుగొనిరి. మనలను గాచు ఆయుధమే చేపకును దొరకినదన్నమాట! రంధ్రము పడగనే నీరు చొరబడి కణ ముబ్బి పగులును. గాజునాళికలో రక్తకణములపై ఈ విషమును వేసినచో, మసకగ నున్న ద్రవము తేటపడి ఎఱ్ఱనీరగును. అన్ని చేపలకు నొకే పద్ధతియని తలపరాదు. కొన్ని టెంకుల విషమునందు కణముల నడిమి జిగురును గరగించు ఎంజైములును గలవు.

ఈ మాంసకృత్తులు వేడికి గ్రుడ్డుసొనవలె చెడును. అందుచేత కుట్టినచోటును సుమారు 45 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో అరగంట మొదలు గంటన్నరవరకు ముంచవలెను. వేడి విషమును గాక నరముల నొప్పినే అణచునని కొందరందురు. ఎట్లైనను ఉపశమనము గలుగుచున్నది. వేడిని కుట్టని చేతితో చూడవలెను. నొప్పిలోనున్న చేతికి వేడి తెలియక బొబ్బలెక్కును. త్రాడు బిగించుట, బ్లేడుతో కోయుట మేము పల్లెలలో చూచుచునే యున్నాము. ఇవి హానికరములు. పాముకాటు మందు దీనికి పనిచేయదు. ముల్లు విరిగి లోపల నిలిచినను, రొమ్మునగాని కడుపునగాని దిగినను, పెరుకక ఆసుపత్రికి గొంపోవలెను. ధనుర్వాతపు సూదియు వేయించవలెను.

జెల్లపులుసు ప్రియులకు భయము లేదు; విషము ముల్లుచర్మమందే గాని కండలో లేదు. అయితే చచ్చిన చేప ముల్లును గ్రుచ్చుకొని బాధించును గావున, కోయుటకు ముందే ముండ్లు తీసివేయుడు.