తప్పిన ప్రమాదాన్నీ రాసి పెట్టండి

రాత్రి డ్యూటీలో ఒక నర్సు, రోగి చేతికున్న కాన్యులాలోకి సెలైన్ ఎక్కించడానికి ట్రేలోంచి ఆంప్యూల్ తీసిందనుకుందాం. సిరంజిలోకి లాగబోతూ లేబుల్ చదివితే, అది సెలైన్ కాదు, పొటాషియం క్లోరైడ్. రెండూ 10 మిల్లీలీటర్ల ఆంప్యూళ్లే, రెండింటిలోనూ రంగులేని ద్రవమే. గుండె కొట్టుకోవడం కణాల లోపలా బయటా ఉండే పొటాషియం తేడా మీదే నడుస్తుంది. అందుకే ఈ మందును బాగా పలచన చేసి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఉన్నదున్నట్టు ఒక్కసారిగా నరంలోకి పోతే ఆ తేడా చెదిరి గుండె ఆగిపోతుంది.

ఆమె దాన్ని పక్కన పెట్టేసింది. రోగికి ఏమీ కాలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అదే ట్రేలో అవే రెండు ఆంప్యూళ్లు పక్కపక్కనే ఉంటాయి. చూసేది మాత్రం మరో నర్సు, బహుశా ఇంకా అలసిపోయిన మనిషి.

అమెరికాలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాయింట్ కమిషన్ 1998లో ఇచ్చిన తొలి హెచ్చరిక ఈ మందు గురించే. గాఢ పొటాషియం క్లోరైడ్ నేరుగా ఎక్కించడం వల్ల జరిగిన 8 మరణాలను పరిశీలిస్తే, ఆరింటిలో దాన్ని వేరే మందు అనుకున్నారు. కారణం ప్రధానంగా ఒకేలా కనిపించే ప్యాకింగు, లేబుళ్లు. దాన్ని వార్డుల్లో ఉంచకండని కమిషన్ సూచించింది. ఆ మాట చెప్పడానికి మరణాల దాకా ఆగాల్సి రావడమే నన్ను బాధపెట్టే సంగతి.

విమానయానం ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది, అదీ చాలా ఖరీదుగా. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ దగ్గరున్న డల్లెస్ విమానాశ్రయంలో దిగాల్సిన టీడబ్ల్యూఏ 514 విమానం, దారిలో వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొట్టింది. అందులోని 92 మందీ చనిపోయారు. అంతకు ఆరు వారాల ముందే యునైటెడ్ సంస్థ విమానం అదే చోట, ఇలాగే కొండను ఢీకొట్టబోయి, వెంట్రుకవాసిలో బయటపడింది. యునైటెడ్ తన పైలట్లను హెచ్చరించింది కానీ, ఆ సంగతి మిగతా సంస్థలకు చేరలేదు. ఆ ప్రమాదం తర్వాత, 1976లో అమెరికా ఇలాంటి ఘటనల కోసం ఒక నివేదన వ్యవస్థను పెట్టింది. నివేదికలు లైసెన్సు రద్దు చేయగల అధికారులకు కాకుండా నాసాకు వెళ్తాయి. అక్కడ రాసినవారి పేరు తీసేస్తారు.

ఆసుపత్రిలో హాని జరిగితే రోగి బంధువుల దుఃఖం, పోలీసు కేసు, కోర్టు భయం కమ్ముకుంటాయి. అప్పుడు నిజం బయటికి రావడం కష్టం. ఏమీ జరగనప్పుడు మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పగలడు. ఏం తప్పిందో, ఏది కాపాడిందో రెండూ తెలుస్తాయి.

మన దేశంలోనూ ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే అవి ఇలా తప్పిన ప్రమాదాలను నమోదు చేయాలి. కానీ రాసిన మర్నాడే మెమో చేతికొస్తుందని తెలిస్తే ఏ నర్సు రాస్తుంది? ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు నా మనవి ఒక్కటే: ఇలా రాసిన వారిని శిక్షించబోమని లిఖితపూర్వకంగా చెప్పండి. అందిన మొదటి నివేదికతోనే ఆ ట్రే సర్దించండి.