రైబోజోమ్‌కు అడ్డుమూత తీసే జన్యువు: ఈస్ట్ చెప్పిన వ్యాధి రహస్యం

రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్, పిల్లల్లో కనిపించే ఒక అరుదైన వ్యాధి మూలాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడింది. ఈ రెండింటినీ కలిపేది ఎస్‌డీఓ1 అనే జన్యువు.

జీవకణాల్లో ప్రోటీన్లను తయారుచేసేది రైబోజోమ్. ఇందులో పెద్దది, చిన్నది అని రెండు భాగాలుంటాయి. వేగంగా పెరిగే ఈస్ట్ కణం నిమిషానికి దాదాపు 2,000 రైబోజోమ్‌లను నిర్మించుకుంటుంది. పెద్ద భాగం కేంద్రకంలో రూపుదిద్దుకునేటప్పుడే టిఫ్6 అనే ప్రోటీన్ దానికి అతుక్కుని, చిన్న భాగం వచ్చి చేరవలసిన చోటును మూసి ఉంచుతుంది. అందువల్ల నిర్మాణం పూర్తికాకముందే రెండు భాగాలూ జతకూడవు.

పెద్ద భాగం కేంద్రకం వెలుపలికి వచ్చాక ఆ మూత తొలగాలి. ఎస్‌డీఓ1 ప్రోటీన్, ఈఎఫ్ఎల్1 అనే మరో ప్రోటీన్‌తో కలిసి ఆ పని చేస్తుంది. తొలగిన టిఫ్6 తిరిగి కేంద్రకానికి చేరి, మరో నిర్మాణానికి ఉపయోగపడుతుంది. ఎస్‌డీఓ1 లోపిస్తే కణం ఎదుగుదల బాగా మందగిస్తుంది. అయితే టిఫ్6 పట్టును సడలించే మార్పు జరిగితే ఈస్ట్ కోలుకుంటుందని 2007లో వెలువడిన పరిశోధన తెలిపింది.

మనుషుల్లో దీనికి సాటి జన్యువు ఎస్‌బీడీఎస్. అందులోని లోపాల వల్ల ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్ వస్తుందని 2003లో గుర్తించారు. ఈ వ్యాధిలో క్లోమం, ఎముక మజ్జ సరిగా పనిచేయవు. తెల్ల రక్తకణాలు తగ్గి పిల్లలు తరచూ ఇన్ఫెక్షన్ల బారిన పడతారు. రక్త క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

కొందరు రోగుల రక్తకణాల్లోనూ టిఫ్6కు సాటి ప్రోటీన్ పట్టును సడలించే మార్పులు వాటంతట అవే కనిపించాయి. ఆ పట్టును మందుతో సడలించగలమా అన్నదే పరిశోధకుల ముందున్న ప్రశ్న.