ఏ ఈగో వెంట్రుకలే చెబుతాయి

ఎమిరేట్స్‌లో ఖర్జూర తోటల్లో పనిచేసేవాళ్లు, గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. పొద్దస్తమానం ఈగల మధ్యే పని. అయితే ఈగలన్నీ ఒకటి కావు.

టాకినిడ్ ఈగనే తీసుకోండి. ఒంటి మీద, ముఖ్యంగా తోక వైపు, బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి. దాని పిల్లలు ఎక్కువగా గొంగళి పురుగుల లోపల పెరిగి వాటిని చంపేస్తాయి. తోటకు మేలే!

నీలి, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే స్క్రూవార్మ్ ఈగ అలా కాదు. పుండు అంచున గుడ్లు పెడుతుంది. ఒక రోజులోపే పురుగులు పుట్టి పచ్చి మాంసం తింటాయి. గొర్రె ముక్కు ఈగకు బిరుసు వెంట్రుకలు ఉండవు. ఎగురుతూనే బతికున్న పిల్లల్ని గొర్రె ముక్కులోకి, ఒక్కోసారి కాపరి కంట్లోకి చిమ్ముతుంది.

సెల్‌తో ఫొటో తీస్తే పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి తీయండి. పక్క ఫొటో లేకపోతే రెక్క కింది వెంట్రుకల వరస కనిపించదు. వీపు చివరి పలక కింద ఇంకో ఉబ్బు కనిపిస్తే అది టాకినిడ్ కావచ్చు. జాతి పేరు తేల్చాలంటే మాత్రం నిపుణులకైనా ఈగ చేతిలో ఉండాలి. యూఏఈ పురుగుల మీద వాన్ హార్టెన్ సంపాదకత్వంలో 2008 నుంచి వచ్చిన సంపుటాలు అలా పట్టిన పురుగులను చూసి రాసినవే.

పుండులో పురుగు కదిలినా, కంట్లో ఏదో పాకినట్టున్నా ఫొటోలతో కాలయాపన వద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రాలిన పురుగు ఉంటే సీసాలో వేసి డాక్టరుకు చూపించండి. మందలో కనిపిస్తే యజమానికి చెప్పి పశువుల డాక్టరును పిలిపించండి.