గేమ్ కంప్లీట్ చేశారా? అయితే ఇవి తెలుసా?

"అరే భై, రాత్రి మూడింటికి గేమ్ కొట్టేసిన!" మేడ్చల్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ళలోనూ, రావల్‌కోల్ లాంటి ఊళ్ళ బస్టాపుల దగ్గరా ఈ మాట వినబడుతూనే ఉంటుంది. అన్నవాడి మీద వెంటనే మూడు ప్రశ్నలు పడతాయి. ఎన్ని గంటలు పట్టింది? లాస్ట్ బాస్ ఎట్లున్నడు? ఎండింగ్ ఏంది? ఆ కబుర్ల మధ్యలోకి ఇవాళ మేమూ దూరుతున్నాం. ప్రశ్నలు మావి, నోరెళ్ళబెట్టడం మీ వంతు!

మీకు తెలుసా? టెట్రిస్‌ను ఓ మనిషి ఓడించడానికి 34 ఏళ్ళు పట్టింది! నింటెండో వాళ్ళ టెట్రిస్ వచ్చింది 1989లో. 29వ లెవెల్‌కు చేరాక ముక్కలు పడే వేగాన్ని ఏ వేళ్ళూ అందుకోలేవని, ఆట అక్కడికి సరి అని అందరూ అనుకున్నారు. 2023 డిసెంబర్ 21న ఓక్లహోమా కుర్రాడు విల్లిస్ గిబ్సన్ 157వ లెవెల్ దాకా వెళ్ళాడు. చివరికి చేతులెత్తేసింది అతను కాదు, గేమే! తెర ఉన్నపళంగా బిగుసుకుపోయింది. ఇంతకీ ఆ వీరుడి వయసెంత? 13. తన వేళ్ళు తనకే తెలియడం లేదని అన్నాడట. మీవాణ్ణి 'పనికిమాలిన ఆటలు' అని తిట్టబోయేముందు ఓసారి ఆగండి.

మరి ఆ తర్వాత ఏముంది? 2024 అక్టోబర్‌లో మైకేల్ ఆర్టియాగా అనే ఇంకో కుర్రాడు, క్రాష్ కాకుండా సరిచేసిన కాపీలో 255వ లెవెల్‌ను కూడా దాటేశాడు. దాటితే వచ్చింది 256 కాదు, సున్నా! వైకుంఠపాళిలో పైదాకా పాకి పెద్దపాము నోట్లో పడ్డట్టు మళ్ళీ మొదటికే. కాకపోతే ఇక్కడ పాము మింగినందుకు లోకమంతా చప్పట్లు కొట్టింది.

ఈ 255 దగ్గర ఏదో శాపం ఉన్నట్టుంది. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కు కూడా అక్కడే బ్రేకు పడింది. 256వ లెవెల్ రాగానే తెర కుడి సగం పిచ్చి అంకెలు, అక్షరాలతో నిండిపోతుంది. అందాకా ఒక్క చుక్క, ఒక్క పండు, ఒక్క దెయ్యం వదలకుండా, ఒక్క ప్రాణం కూడా పోకుండా ఆడితే వచ్చే గరిష్ఠ స్కోరు 33,33,360. అంతకు మించి ఎవరికీ రాదు!

మీకు తెలుసా? అదే 255 మీద మన గాంధీ తాతకు ఓ అభాండం పడింది! 1991 నాటి సివిలైజేషన్ గేమ్‌లో ఆయన కోపం 1 ఉండేదట, దాన్ని ఇంకో 2 తగ్గించబోతే లెక్క తిరగబడి 255 అయిందట, అందుకే ఎదుటివాళ్ళ మీద అణుబాంబులు వేసేవాడట. ఏళ్ళ తరబడి ఆటగాళ్ళు చెప్పుకున్న ఈ కథ ఉత్తదేనని గేమ్ సృష్టికర్త సిడ్ మెయెర్ 2020లో తన పుస్తకంలో తేల్చేశాడు. హమ్మయ్య, అహింస గెలిచింది!

టీవీకి తగిలించే వీడియో గేమ్ గుర్తుందా? క్యాసెట్ మీద 9999999 ఆటలని రాసి ఉండేది, తీరా పెడితే అవే పదీ పదిహేను! అందులో కాంట్రా ఉంటే ఆ ఇంటివాడే వీధికి రాజు. పై పై కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ, అంతే, 30 ప్రాణాలు! మీకు తెలుసా, ఈ మంత్రం పుట్టింది కాంట్రా కోసం కానే కాదు. 1986లో గ్రేడియస్ అనే ఆర్కేడ్ గేమ్‌ను టీవీ గేమ్‌గా మారుస్తున్న కజుహిసా హషిమోటో, తన గేమ్‌ను తానే ఫినిష్ చేయలేక పెట్టుకున్న దొంగదారి అది. విడుదలకు ముందు తీసేయడం మరిచిపోయాడు. ఆ మతిమరుపే లేకపోతే మన బాల్యం మూడు ప్రాణాలతోనే ముగిసేది!

మీకు తెలుసా? స్కూలు కంప్యూటర్ ల్యాబులో సార్ అటు తిరగ్గానే తెరిచే డేవ్ అనే గేమ్‌ను జాన్ రొమెరో 1988లో ఒక్కడే రాశాడు. మొత్తం కలిపి 10 లెవెల్సే! ఆ పది పూర్తి చేయకుండానే పదో తరగతి పూర్తి చేసినవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది. ఐదేళ్ళకు అదే రొమెరో చేయి పడ్డ గేమ్ డూమ్.

ప్రిన్స్ ఆఫ్ పర్షియాకు గడువు 60 నిమిషాలు. ఆ లోపు రాజకుమారిని చేరకపోతే ఆట బంద్. రాజకుమారుడు మనిషిలా పరిగెడతాడేమిటని ఆశ్చర్యపోయారు కదా? పరిగెత్తింది మనిషే! ఆ గేమ్ చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, వీడియో తీసి, దాన్నే ఒక్కో బొమ్మగా గీసుకున్నాడు. తమ్ముళ్ళు ఉన్నది ఇందుకే!

మీకు తెలుసా? ఆఫీసుల్లో కోట్ల గంటలు మింగిన సాలిటైర్‌ను రాసింది వెస్ చెర్రీ అనే ఇంటర్న్. అతనికి దక్కిన రాయల్టీ సున్నా! ఇక ఫ్రీసెల్‌లో ఉన్న 32,000 ఆటల్లో తేలనిది ఒక్కటే, నంబర్ 11,982. ఎవరిమీదైనా కక్ష ఉంటే ఆ నంబర్ ఇచ్చి 'ఇది చాలా ఈజీ' అని చెప్పి వచ్చేయండి.

ఆ సాలిటైర్ తెచ్చిన మైక్రోసాఫ్ట్‌కు ఇప్పుడు పెద్ద ఎవరు? బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ళ! ఆయన సీఈఓ అయిన 2014లోనే మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు మైన్‌క్రాఫ్ట్‌ను కొనేసింది. 2023 అక్టోబర్‌లో యాక్టివిజన్ బ్లిజార్డ్ బేరం ముగించింది. ప్రకటించిన ధర 6,870 కోట్ల డాలర్లు! ఆ బేరంలో కాల్ ఆఫ్ డ్యూటీతో పాటు క్యాండీ క్రష్ కూడా వచ్చిపడింది. అంటే మీ పిన్నిగారు మిఠాయిలు పేల్చినప్పుడల్లా లాభం మన హైదరాబాదీ నడిపే కంపెనీకే. అన్నట్టు, క్యాండీ క్రష్ 10,000 లెవెల్స్ ఎప్పుడో దాటేసింది, కొత్తవి వస్తూనే ఉన్నాయి. పిన్నిగారు ఈ జన్మకు ఫినిష్ చేయరు, వదిలేయండి.

గేమ్‌లంటే జపానూ అమెరికాయేనా? ఫిఫా ఆటలతో పేరు మోసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. 2024 నవంబర్‌లో దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు జరిగిందీ మాదాపూర్ హెచ్‌ఐసీసీలోనే. ఆఖరికి 2017లో మన బాహుబలికి కూడా మొబైల్ గేమ్ వచ్చింది. మాహిష్మతి కోట కాపాడే పని కట్టప్ప ఒక్కడికే ఎందుకు, మీరూ పట్టండి ఓ చేయి!

మీకు తెలుసా? ప్రపంచంలో అత్యంత విసుగు పుట్టించే గేమ్‌లో ఉన్నది ఓ బస్సు! పేరు డెజర్ట్ బస్. అమెరికాలోని టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కు నిజంగానే 8 గంటలు నడపాలి. వేగం గంటకు 72 కిలోమీటర్లు మించదు. మలుపులు లేవు, ప్రయాణికులు లేరు, ఆపే బటన్ కూడా లేదు. పోనీ చేయి వదిలేద్దామంటే బస్సు కుడివైపుకు లాగేస్తుంది. రోడ్డు దిగిందా, లాగుడు బండి వచ్చి వెనక్కి ఈడ్చుకుపోతుంది, అదీ గంటల తరబడి! అంతా చేసి గమ్యం చేరితే దక్కేది 1 పాయింట్. రెండోది కావాలా? తిరుగు ప్రయాణం ఇంకో 8 గంటలు. 2007 నుంచి దీన్ని రోజుల తరబడి ఆడి పిల్లల ఆస్పత్రుల కోసం లక్షల డాలర్లు విరాళం పోగుచేస్తున్నారు, అది గొప్ప సంగతే. 44వ నంబర్ జాతీయ రహదారి మీద కొంపల్లి ట్రాఫిక్ దాటి మేడ్చల్ చేరేవాళ్ళకు మాత్రం ఇందులో కొత్తేముంది? మనకైతే ఆ 1 పాయింట్ కూడా ఇవ్వరు!

ఇక ఎండింగుల సంగతి. ఇక్కడే అసలు తమాషా.

మీకు తెలుసా? ఫార్ క్రై 4ను ఒక్క తుపాకీ పేల్చకుండా పావుగంటలో ముగించొచ్చు! మొదట్లోనే విలన్ మిమ్మల్ని భోజనం బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానుండమని వెళ్తాడు. అందరూ లేచి పారిపోతారు, పదుల గంటల యుద్ధం మొదలవుతుంది. కదలకుండా కూర్చుంటే? అతను నిజంగానే తిరిగొస్తాడు, మీరు వచ్చిన పని తానే దగ్గరుండి పూర్తి చేయిస్తాడు. ఆట ఖతం! విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మెటల్ గేర్ సాలిడ్ 3లో వందేళ్ళు దాటిన ముసలి స్నైపర్ ఒకడు ఉంటాడు. గంటల కొద్దీ అడవిలో వేటాడితే గానీ చిక్కడు. ఇంకో ఉపాయం ఉంది. ఆట సేవ్ చేసి వారం రోజులు ఇంట్లో పడుకోండి. తిరిగొచ్చేసరికి తాత వృద్ధాప్యంతో పోయి ఉంటాడు! బద్ధకానికి ఇంతకంటే పెద్ద బహుమతి ఏ గేమ్‌లోనైనా ఉందా?

బహుమతులంటే జ్ఞాపకం వచ్చింది. 2017లో వచ్చిన జెల్డా గేమ్‌లో 900 కోరోక్ విత్తనాలు దాచిపెట్టారు. కొందరు ఆ గేమ్‌ను 24 నిమిషాల లోపే ముగిస్తారు. ఇంకొందరు నెలల తరబడి కొండలెక్కి, చెట్లెక్కి, రాళ్ళెత్తి 900 ఏరుతారు. 900 పూర్తయ్యాక దక్కే మహా బహుమానం ఏమిటో తెలుసా? మెరిసే బంగారు పేడకుప్ప! అవును, మీరు సరిగ్గానే చదివారు.

మీకు తెలుసా? 2017లోనే వచ్చిన నియర్ ఆటోమాటాకు 26 ముగింపులు, ఇంగ్లిష్ అక్షరమాల మొత్తానికి సరిపడా! అందులో ఒకటి చేప తింటే వస్తుంది. హీరో మరమనిషి కదా, చేప నూనె పడక అక్కడికక్కడే పోతాడు. పులుసు ప్రియులారా, జాగ్రత్త! అయితే మమ్మల్ని నిలబెట్టేసింది ఇంకో ముగింపు. అన్నీ అయ్యాక గేమ్ ఓ ప్రశ్న అడుగుతుంది. ముక్కూ మొహం తెలియని ఇంకో ఆటగాడికి సాయం చేస్తావా? చేస్తానంటే నువ్వు సేవ్ చేసుకున్నదంతా చెరిపేయాలి. అవునన్నారా, ఇన్ని గంటల కష్టం కళ్ళముందే ఒక్కో పేజీగా మాయమైపోతుంది! ఎవరికి సాయపడ్డారో ఎప్పటికీ తెలియదు. అయినా అవుననేవాళ్ళు ఉన్నారు, చూడండి!

సాయమంటే ఇదీ! 2022లో ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే బాస్ అందరి ఉసురూ పోసుకుంది. అప్పుడొచ్చాడు 'లెట్ మీ సోలో హర్' అనే పేరుతో ఒకడు. ఒంటిమీద గోచీ, తలమీద కుండ, అంతే! పిలిచినవాళ్ళ ఆటలోకల్లా వెళ్ళి ఒంటరిగా ఆమెను మట్టికరిపించాడు. ఒకటీ రెండూ కాదు, వెయ్యికి పైగా! మెచ్చి కంపెనీ అతనికి నిజమైన కత్తే పంపింది. తలమీద కుండంటే మనకు బోనాలే గుర్తొస్తాయి. ఇతగాడు మాత్రం కుండ దించకుండానే జాతర పూర్తి చేశాడు!

మీకు తెలుసా? ఒక్కరే ఆడి ఫినిష్ చేయలేని గేమ్ ఉంది, ఇట్ టేక్స్ టూ. విడాకుల అంచున ఉన్న మొగుడూ పెళ్ళాలు బొమ్మలైపోతారు, ఇద్దరూ కలిసి కదిలితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇద్దరికీ ఒక్క కాపీ చాలు, రెండోవాళ్ళు ఉచితం. 2021లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టింది. కొత్త దంపతులు ఆడి చూడండి, రిమోట్ కొట్లాటకు కంట్రోలర్ కొట్లాట తోడవుతుంది!

జపాన్‌లో హమాకో మోరి అనే బామ్మ పుట్టింది 1930లో. వీడియో గేమ్‌లు మొదలుపెట్టింది 51వ ఏట. 2020లో, 90 ఏళ్ళ వయసులో, అత్యంత పెద్ద వయసు గేమింగ్ యూట్యూబర్‌గా గిన్నిస్‌కు ఎక్కింది. ఆ ఇంట్లో "ఇంక చాల్లే, పడుకో" అనేది మనవలేమో!

శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ మీదుగా వెళ్తుంటారా? అయితే ఇది మీకోసమే. కోతుల్లో ఎయిడ్స్‌లాంటి జబ్బు తెచ్చే వైరస్‌లోని ఓ ఎంజైమ్ ఆకారం దశాబ్దానికి పైగా శాస్త్రవేత్తలకు కొరుకుడు పడలేదు. ఫోల్డిట్ అనే గేమ్‌లో ఆటగాళ్ళకు దాన్ని పజిల్‌గా ఇస్తే మూడు వారాల లోపే విప్పేశారు! 2011లో అది పరిశోధన పత్రంగా అచ్చయింది, ఆటగాళ్ళ బృందాల పేర్లతో సహా. "ఆడుకుంటే ఏమొస్తుంది?" అనేవాళ్ళకు ఇకమీదట ఇదే జవాబు.

2020 సెప్టెంబర్ 2న దేశంలో కోట్లమంది ఫినిష్ చేయకుండానే ఓ గేమ్ ఫినిష్ అయిపోయింది. పబ్జీ! కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021లో బీజీఎంఐగా మళ్ళీ పుట్టింది, 2022లో మాయమైంది, 2023లో తిరిగొచ్చింది. కాంట్రా కోడ్ దీనికే బాగా పనిచేసినట్టుంది!

మీకు తెలుసా? 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేశాడు. బొమ్మలూ సంగీతమూ అన్నీ తనవే. అందులో చేసేది వ్యవసాయం! మేడ్చల్ వైపు నిజం పొలాలు ప్లాట్లవుతుంటే, హాస్టల్ కుర్రాళ్ళు ఫోన్లలో గుమ్మడికాయలు పండిస్తున్నారు. అక్కడ రియల్ ఎస్టేట్ ఏజెంటు రాడు మరి.

పుణె వాళ్ళు 2020లో తెచ్చిన రాజీలో ఓ అమ్మాయి తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడుతుంటే, పైనుంచి దుర్గామాత, విష్ణుమూర్తి కామెంటరీ చెబుతారు. ఇంత గొప్ప కామెంటరీ బాక్స్ ఏ క్రికెట్ మ్యాచ్‌కైనా దొరికిందా?

చివరగా, మేం ఓటేసే గేమ్. పేరు వెన్బా. కెనడాకు వలస వెళ్ళిన తమిళ కుటుంబం కథ, 2023లో వచ్చింది. తుపాకుల్లేవు, బాసుల్లేరు. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెదిరి ఉంటుంది. ఏది ముందు, ఏది తర్వాత అని మీరే తేల్చుకోవాలి. మొదటి పరీక్ష ఇడ్లీ! పిండి పోసి రేకులు ఎలాపడితే అలా పేర్చారో, పై రేకు ఇడ్లీలు కింది వాటికి అంటుకుపోతాయి. గుంటల కింద గుంటలు రాకుండా మార్చి మార్చి పెట్టాలి, ఆవిరి అన్నిటికీ అందాలి. గేమింగ్ వీరులు ఇక్కడే ఓడిపోతే, పక్కనున్న అమ్మ ఒక్క చూపుతో లెవెల్ దాటించేస్తుంది! గంటన్నరలో మొత్తం అయిపోతుంది. 2024లో దీనికి బాఫ్టా అవార్డు వచ్చింది. వంద గంటల గేమ్‌లు చాలానే చూశాం, ఈ గంటన్నర వాటిలో చాలావాటికంటే మేలు.

మరి మీరు ఈమధ్య ఏ గేమ్ కంప్లీట్ చేశారు? ఎన్ని గంటలు పట్టిందో చెప్పండి, బాగుందో లేదో చెప్పండి. ఎండింగ్ మాత్రం చెప్పారో, మీ చేతిలో ఫ్రీసెల్ నంబర్ 11,982 పెట్టేస్తాం!