ఎత్తును కొలిచే చట్టం, ఇరుకు మెట్ల నిప్పు

అగ్నిమాపక కేంద్రం బలాన్ని వాహనాల సంఖ్యతో లెక్కించడం అలవాటే గానీ, అగ్నిమాపక శాఖ పనితీరును నిజంగా నిర్ణయించేది ఫోన్ మోగిన క్షణానికీ వాహనం ఘటనాస్థలానికి చేరే క్షణానికీ మధ్య గడిచే వ్యవధి. ప్రతిస్పందన సమయంగా వ్యవహరించే ఈ వ్యవధి పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాలు, గ్రామాల్లో 20 నిమిషాలు దాటకూడదన్నది దేశంలో అగ్నిమాపక కేంద్రాల ప్రణాళికకు ప్రాతిపదికగా తీసుకునే ప్రమాణం. 2007లో పరిసర పురపాలికలను కలుపుకొని సుమారు 625 చదరపు కిలోమీటర్ల మహానగర పాలక సంస్థగా మారిన హైదరాబాద్, ఆ తర్వాత 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి దాకా, దాన్ని దాటి కూడా పాకుతూ పోయిన కొద్దీ, ఈ నిమిషాలను నిలబెట్టుకోవడం కష్టమవుతూ వచ్చింది.

విస్తీర్ణంతో పాటు ఎత్తూ పెరిగింది. సాధారణ ఫైరింజన్‌ను శాఖలో వాటర్ టెండర్ అంటారు. దానిలో పట్టే 4,500 లీటర్ల నీరు రెండు గొట్టాల ద్వారా పూర్తి ధారగా వదిలితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. హైడ్రాలిక్ చేయిని చాచి 54 మీటర్ల ఎత్తుకు సిబ్బందిని చేర్చగల బ్రాంటో స్కైలిఫ్ట్ కూడా కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు లేస్తున్న నలభై, యాభై అంతస్తుల భవనాల్లో సగం ఎత్తును అందుకోలేదు. అందువల్ల ఎత్తైన భవనం తన రక్షణ సాధనాలను తానే సమకూర్చుకోవాలి: ప్రత్యేక నీటి ట్యాంకు, పంపులు, ప్రతి అంతస్తుకూ ఒత్తిడితో నీటిని మోసే వెట్ రైజర్ గొట్టం, వేడికి తమంతట తామే తెరుచుకొని నీటిని చిమ్మే స్ప్రింక్లర్లు, మంటలకూ పొగకూ దూరంగా ఉండే మెట్లదారి. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1999 అగ్నిమాపక సేవల చట్టం కింద 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలకూ, 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకూ ఈ ఏర్పాట్లను పరిశీలించి శాఖ నిరభ్యంతర పత్రం ఇస్తుంది.

అయితే నగరంలో ఇటీవలి పెద్ద ప్రమాదాలను చూస్తే చావులు ఎత్తును వెతుక్కుంటూ రాలేదు. 2022 మార్చిలో 11 మంది బిహార్ కార్మికులను బలిగొన్న బోయిగూడ తుక్కు గోదాము, 2023 నవంబరులో 9 మంది మరణించిన బజార్‌ఘాట్ నివాస భవనం, 2025 మే 18న 17 మంది ప్రాణాలు పోయిన గుల్జార్ హౌజ్ ఇల్లు, వీటిలో ఏదీ ఆకాశహర్మ్యం కాదు. బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములుంటే పైన కుటుంబాలు కాపురముండేవి. గుల్జార్ హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన నివాసం, కిందికి దిగడానికి ఒకే ఇరుకు మెట్లు. మంట కింద పుట్టినప్పుడు ఆ మెట్లే పొగగొట్టంగా మారి, వేడిగాలితో పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను పైకి లాగుతాయి. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది కనుక, నిద్రలో ఉన్నవారు సెగ తగలకముందే స్పృహ కోల్పోవచ్చు. స్కైలిఫ్ట్ కొనుగోళ్లకు దక్కే పత్రికా ప్రచారంలో పదో వంతైనా ఈ ఒంటిమెట్ల భవనాలకు దక్కకపోవడం విచిత్రమే.

ఇలాంటి భవనాల ముప్పు ముందుగా కంటపడకపోవడానికి పాలనాపరమైన కారణం కూడా ఉంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలికల విధుల్లో చేర్చినా, తెలుగు రాష్ట్రాల్లో దాన్ని రాష్ట్ర శాఖే నడుపుతోంది. భవన అనుమతి, వ్యాపార లైసెన్సు పురపాలక సంస్థ చేతిలో, విద్యుత్ కనెక్షన్ పంపిణీ సంస్థ చేతిలో ఉంటాయి. కింది గది అద్దెకు మారి, కిరాణా స్థానంలో ద్రావకాలో బ్యాటరీలో చేరినప్పుడు ఆ మార్పు ఒక కార్యాలయానికి తెలిసినా మరొకదానికి చేరుతుందన్న భరోసా లేదు.

పాత బస్తీ సందుల్లోకి పెద్ద వాహనం పోలేదు గనుక, నీటిని సన్నని తుంపరగా చిమ్మే పరికరాన్ని మోటారు సైకిల్‌పై అమర్చిన మిస్ట్ బుల్లెట్‌ను శాఖ వాడుతోంది. తుంపర త్వరగా ఆవిరై వేడిని పీల్చుకుంటుంది కాబట్టి కొద్ది నీటితోనే చిన్న మంట అణుగుతుంది. గోదాముకు మాత్రం అది చాలదు. ఏ వాహనం బయలుదేరాలో నిర్ణయించేది 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసినవారి తొలి మాటలే కనుక, చిరునామాతో పాటు సందు వెడల్పు, కింద నిల్వ ఉన్న సరుకు, పైన చిక్కుకున్నవారి సంఖ్య అప్పుడే చెబితే నిచ్చెన అవసరమో, నురుగు అవసరమో, శ్వాస పరికరాలు ఎన్ని కావాలో సిబ్బంది బండి ఎక్కేలోపే తేల్చుకోగలుగుతారు.