మీకు తెలుసా? టేబుళ్లను కలపడానికి ఎన్ని దారులో!

● డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌కు 1974లో ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ రూపమిచ్చారు. అందులో టేబుళ్ల పేర్లను ‘ఫ్రమ్’ తర్వాత కామాలతో రాసి, కలిపే షరతును ‘వేర్’లో పెట్టడం పాత పద్ధతి.

● ఆ షరతు మరిచిపోతే ఎర్రర్ రాదు. కస్టమర్లు 1,000, ఆర్డర్లు 5,000 ఉంటే, ప్రతి కస్టమరూ ప్రతి ఆర్డరుతో జతకట్టి 50 లక్షల వరసలు వచ్చిపడతాయి!

● ‘జాయిన్... ఆన్’ పద్ధతి 1992 ప్రమాణంతో వచ్చింది. ఇందులో ‘ఆన్’ వదిలేస్తే చాలా డేటాబేస్‌లు అక్కడే ఆపేస్తాయి.

● ఒక్క ఆర్డరూ ఇవ్వని కస్టమర్లు కూడా జాబితాలో కనిపించాలంటే ‘లెఫ్ట్ జాయిన్’ కావాలి. దీనికి ఒరాకిల్‌లో ఒకప్పుడు షరతులోని ఆర్డర్ల కాలమ్ పక్కన (+) గుర్తు పెట్టేవారు. 2001లో వచ్చిన 9ఐ వెర్షన్‌తో అక్కడా ‘జాయిన్’ అందుబాటులోకి వచ్చింది.

● లెఫ్ట్ జాయిన్ రాసి, ‘ఆర్డర్ స్థితి = డెలివరీ’ అన్న షరతును ‘వేర్’లో పెడితే ఆర్డర్లు లేని కస్టమర్లు మాయమవుతారు. అదే షరతును ‘ఆన్’లో పెడితే వాళ్లు ఉంటారు.

● ‘నేచురల్ జాయిన్’ ఒకే పేరున్న కాలమ్‌లన్నిటినీ తనంతట తానే సరిపోలుస్తుంది. రేపెవరో రెండు టేబుళ్లలోనూ ‘తేదీ’ కాలమ్ చేరిస్తే, క్వెరీలో అక్షరం మారకపోయినా ఫలితం మారిపోతుంది!

● మామూలు ఇన్నర్ జాయిన్‌ను కామాతో రాసినా, ‘జాయిన్’తో రాసినా వేగంలో సాధారణంగా తేడా ఉండదు. తేడా అంతా చదివేవారి సౌకర్యంలో, మరిచిన షరతును పట్టుకోవడంలోనే.